అల్‌హంబ్రాకు మూడు గంటలు చాలా? విశాఖ నుంచి ఐదుగురి ప్రయాణం, సలహా కావాలి

సీతమ్మధార ప్రయాణికుడు (జనవరి 9)

సభ్యులందరికీ నమస్కారం. వచ్చే మే నెలలో పిల్లల వేసవి సెలవులకు కుటుంబమంతా స్పెయిన్ వెళ్లాలని నిశ్చయించుకున్నాం. నేను, నా భార్య, 68 ఏళ్ల మా అమ్మ, 14 ఏళ్ల అమ్మాయి, 9 ఏళ్ల అబ్బాయి, మొత్తం ఐదుగురం. ప్రయాణానికి అసలు కారణం మా అమ్మాయి. జ్యామితి పాఠం చదువుకుంటూ గ్రనడా నగరంలోని అల్‌హంబ్రా కోట గోడల మీది పలకల అల్లిక బొమ్మలు చూసి, ఎక్కడికి వెళ్లినా వెళ్లకపోయినా అక్కడికి మాత్రం వెళ్లి తీరాలని పట్టుబట్టింది.

నేను వేసుకున్న లెక్క ఇది. సెవిల్ నగరంలో బస చేసి, ఉదయం రైలులో గ్రనడా చేరి, మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు వరకు కోట చూసి, రాత్రికి తిరిగి సెవిల్ వచ్చేయాలి. గోల్కొండను మేము రెండు గంటల్లో చూశాం కనుక దీనికి మూడు గంటలు చాలునని అనుకున్నాను. అమ్మకు మోకాళ్ల నొప్పులు, సింహాచలం గిరి ప్రదక్షిణ మానేసి మూడేళ్లయింది. ఎండ సంగతి అంటారా, విశాఖ వాళ్లం కనుక భయం లేదు. టిక్కెట్లు అక్కడికి వెళ్లాక కొనవచ్చా, ముందే కొనాలా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

ఎంవీపీ కాలనీ గృహిణి (జనవరి 9)

మీ లెక్కలో గంటల కంటే ముందు సరిచేసుకోవలసింది టిక్కెట్టు. రెండేళ్ల కిందట మేము చేసిన పొరపాటు మీరు చేయకూడదని కొంచెం వివరంగా రాస్తున్నాను.

మేము ఇక్కడి ఒక ట్రావెల్ ఏజెంటు ద్వారా వెళ్లాం. ఆయన ఇచ్చిన కాగితంలో ‘అల్‌హంబ్రా ప్రవేశం కలిపి’ అని స్పష్టంగా ఉంది, మేమూ తృప్తి పడ్డాం. తీరా అక్కడికి వెళ్లాక తెలిసింది, ఆయన కొన్నది తోటలకు, అల్కసాబా అనే పాత కోట భాగానికి, హెనెరలీఫె అనే వేసవి విడిదికి మాత్రమే చెల్లే టిక్కెట్టు. అల్‌హంబ్రా అనగానే మన కళ్ల ముందు మెదిలే సింహాల ప్రాంగణం, నీటి కొలనులో బురుజు నీడ కనిపించే ప్రాంగణం, ఇవన్నీ ఒకప్పుడు గ్రనడాను ఏలిన నస్రిద్ సుల్తానుల రాజభవనాల్లో ఉన్నాయి. వాటికి ఆ టిక్కెట్టు పనికిరాదు. గుమ్మం దగ్గర ఉద్యోగిని ఎంతో మర్యాదగానే మమ్మల్ని ఆపింది. ఆ రోజుకు, మరుసటి రోజుకు కూడా టిక్కెట్లు అయిపోయాయని చెప్పారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్లు ఏజెంటుకు ఫోను చేస్తే, తోటలు కూడా అల్‌హంబ్రాయే కదమ్మా అన్నాడు. ఆయన మాట అబద్ధం కాదు, అదే మా బాధ. గోడకు ఇవతల నిలబడి, లోపలి నుంచి వస్తున్నవాళ్ల ముఖాలు చూసి వెనక్కి వచ్చాం.

అందువల్ల అధికారిక వెబ్‌సైటులో సాధారణ పగటి టిక్కెట్టు మీరే స్వయంగా కొనండి. అందులో మూడు భాగాలూ ఉంటాయి. నస్రిద్ భవనాలకు ఏ గంటకు లోపలికి వెళ్లాలో మీరు ఎంచుకున్న సమయం టిక్కెట్టు మీద ముద్రించి ఉంటుంది, ఆ వేళ దాటితే లోపలికి రానివ్వరు. మిగిలిన భాగాలను ఆ రోజు తెరిచి ఉన్నంతసేపు మీ వీలునుబట్టి చూసుకోవచ్చు. మొదట ఆ గంట చేతికి రావాలి, దాని చుట్టూ రైలు, హోటలు, విమానం అమర్చుకోవాలి. మీరు సరిగ్గా తలకిందులుగా మొదలుపెట్టారు.

సీతమ్మధార ప్రయాణికుడు (జనవరి 10)

అమ్మా, మీ అనుభవం చదివి మా ఇంట్లో అందరికీ నిద్ర వదిలింది. విమానం టిక్కెట్లు ఇంకా కొనలేదు, అదొక్కటే అదృష్టం. వెబ్‌సైటు తెరిచి చూశాను. ప్రతి ఒక్కరి పేరు, ఇంటిపేరు, పాస్‌పోర్టు సంఖ్య అడుగుతోంది. ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. మా అమ్మ పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంది, ఇంటిపేరుతో కలిపి మొత్తం పేరంతా పేరు గడిలోనే ఉంది. నా పాస్‌పోర్టులో విడివిడిగా ఉంది. ఒకే ఇంటివాళ్లం రెండు రకాలుగా కనిపిస్తున్నాం. పిల్లలకు కూడా టిక్కెట్టు అవసరమా?

పెదవాల్తేరు మాస్టారు (జనవరి 10)

పేర్ల సంగతి ముందు చెబుతాను. స్పెయిన్‌లో ప్రతి మనిషికీ రెండు ఇంటిపేర్లు ఉంటాయి, ఒకటి తండ్రి వైపుది, రెండవది తల్లి వైపుది. అందువల్ల ఇంటిపేరు లేని మనిషిని ఊహించడం వాళ్ల దరఖాస్తులకు కష్టం. మీ అమ్మగారి పేరును పాస్‌పోర్టులో ఉన్న వరుసలోనే రాసి, దానిలోని ఇంటిపేరు భాగాన్ని ఇంటిపేరు గడిలో పెట్టండి. అక్షరాలు పాస్‌పోర్టులో ఉన్నట్లే ఉండాలి, సంఖ్యలో ఒక్క అంకె కూడా తప్పకూడదు. అసలు పాస్‌పోర్టు వెంట తీసుకెళ్లండి, ఫోనులోని ఫోటోను నమ్ముకోవద్దు. 12 ఏళ్ల లోపు పిల్లలకు ప్రవేశం ఉచితమే అయినా వారి పేరు మీద కూడా టిక్కెట్టు తీసుకోవాలి. ఇది మరిచిపోయి గుమ్మం దగ్గర తల్లిదండ్రులు తగువు పడటం నేను స్వయంగా చూశాను.

ఇక మూడు గంటల మాట. అల్‌హంబ్రా ఒక భవనం కాదు, కొండ మీద గోడ కట్టుకున్న చిన్న ఊరు. సబీకా కొండ మీద సుమారు 740 మీటర్ల పొడవున, అత్యధికంగా 205 మీటర్ల వెడల్పున, దాదాపు 35 ఎకరాల్లో పరుచుకుని ఉంది. నస్రిద్ వంశ స్థాపకుడు మొదటి ముహమ్మద్ 1238లో గ్రనడాను చేజిక్కించుకుని అక్కడ కోట పని మొదలుపెట్టాడు. మనం బొమ్మల్లో చూసే వైభవమంతా ఆ తరువాతి శతాబ్దపు ఇద్దరు రాజుల కాలానిది. మొదటి యూసుఫ్ (1333–1354) కొలను ప్రాంగణం ఉన్న కొమారెస్ భవనాన్ని తీర్చిదిద్దాడు, అతని కొడుకు ఐదవ ముహమ్మద్ సింహాల భవనాన్ని కట్టించాడు. 1492 జనవరి 2న చివరి సుల్తాను, స్పానిష్ వాళ్లు బోఅబ్దిల్ అని పిలిచే పన్నెండవ ముహమ్మద్, కోటను స్పెయిన్‌ను ఏలుతున్న ఇసబెల్లా, ఫెర్డినాండ్ రాజదంపతులకు అప్పగించాడు.

ఆ అప్పగింతే మనకు కలిసివచ్చింది. ఫిరంగులతో బద్దలు కొట్టి గెలుచుకున్న కోట అయితే ఆ సున్నపు నగిషీ ఒక్క బెత్తెడు కూడా మిగిలేది కాదు. లోపలి గోడల మీద మీరు చూడబోయే అల్లికలో అధికభాగం పాలరాయి కాదు, చెక్కిన సున్నపు గార. వేలు పెట్టి గీస్తే రాలిపోయేంత మెత్తని పదార్థం ఆరు శతాబ్దాలకు పైగా నిలిచింది. కనుక పిల్లలకు ముందే చెప్పండి, గోడను ముట్టుకోకూడదు. కోట బయటి గోడలైతే మట్టి, సున్నం, గులకరాళ్లు కలిపి చెక్కల మధ్య పోసి దిమ్మిస కొట్టి కట్టినవి. ఆ ఎర్రమట్టి వల్లనే దీనికి అరబ్బీలో ‘ఎర్రనిది’ అనే అర్థం వచ్చే పేరు ఏర్పడిందని చెబుతారు.

ఒక మాట మీ అమ్మాయి కోసం. పలకల దగ్గరే ఆగిపోకుండా వాటి పైభాగంలో నడుము ఎత్తు నుంచి సాగే రాతను కూడా చూడమనండి. ‘అల్లాహ్ తప్ప విజేత లేడు’ అనే నస్రిద్ రాజుల నినాదం వందల చోట్ల, కొన్ని చోట్ల లతలా, కొన్ని చోట్ల ఇటుక పేర్పులా తిరిగి తిరిగి కనిపిస్తుంది. మన సింహాచలం స్తంభాల మీది శాసనాలు ఎవరు ఎంత భూమి ఇచ్చారో, ఎన్ని దీపాలకు ఆవులు ఇచ్చారో చెబుతాయి. అక్కడి గోడల మీద ఉన్నది కవిత్వం. ఐదవ ముహమ్మద్ మంత్రి, కవి ఇబ్న్ జమ్రక్ రాసిన పద్యాల్లో కొన్ని గదే ‘నేను’ అంటూ తనను తాను పొగుడుకుంటున్నట్లు ఉంటాయి. అరబ్బీ చదవలేకపోయినా, మాట్లాడుతున్నది గోడ అని తెలిసి నిలబడితే చూపు మారుతుంది.

గాజువాక నుంచి (జనవరి 11)

పెద్దలు క్షమించాలి, నాదొక వేరే అభిప్రాయం. ఐదుగురికి వీసాలు, విమానాలు, హోటళ్లు కలిపితే ఒక చిన్న ఫ్లాటుకు అడ్వాన్సు కట్టవచ్చు. గోల్కొండను రెండు గంటల్లో చూశామని ఆయనే రాశారు. ఫతే దర్వాజా కింద చప్పట్లు కొడితే పైన బాలాహిస్సార్‌లో వినిపించే ఏర్పాటు, మట్టి గొట్టాల్లో నీళ్లను అంచెలంచెలుగా కొండ మీదికి ఎక్కించిన తీరు, ఇవి రెండు గంటల్లో అర్థమవుతాయా? చేతిలో ఉన్న కోటను సరిగా చూడకుండా సముద్రాలు దాటడం ఎందుకు? ముందు గోల్కొండకు ఒక రోజంతా ఇచ్చి, తరువాత బీదరు చూసి, అప్పటికీ తనివి తీరకపోతే గ్రనడా వెళ్లమని నా సలహా.

పెదవాల్తేరు మాస్టారు (జనవరి 11)

మీ కోపంలో సగం న్యాయం ఉంది, గోల్కొండకు రెండు గంటలు ఇవ్వడం అన్యాయమే. అయితే ఈ రెండూ ఒకదానికొకటి బదులు కావు. 1687లో ఔరంగజేబు సైన్యం ఎనిమిది నెలల ముట్టడి తరువాత గోల్కొండను పట్టుకుంది. అక్కడ మనకు మిగిలింది ఎముకల గూడు, అంటే గోడలు, దర్వాజాలు, నీటి ఏర్పాట్లు. రాణీమహళ్ల గోడల మీద గచ్చు ఆనవాళ్లు అక్కడక్కడా తప్ప అలంకారం చాలావరకు పోయింది. అల్‌హంబ్రాలో చర్మం కూడా మిగిలింది. మొదట గోల్కొండ చూసి వెళ్లమన్న మీ మాటను మాత్రం నేను గట్టిగా బలపరుస్తాను, ఎటూ వీసా పనికి వేలిముద్రల కోసం వీళ్లు హైదరాబాద్ వెళ్లక తప్పదు కదా.

ఉక్కునగరం ఇంజనీరు (జనవరి 12)

నీళ్ల మాట వచ్చింది కనుక ఆగలేక రాస్తున్నాను. నేను ఉద్యోగరీత్యా పంపులు, పైపులతో ముప్పై ఏళ్లు గడిపినవాడిని. అల్‌హంబ్రాలో నన్ను నిలబెట్టేసింది నగిషీ కాదు, నీరు.

గోల్కొండలో నీటిని కింద నుంచి పైకి ఎక్కించారు. అల్‌హంబ్రాలో ఆ శ్రమను చాలావరకు తప్పించారు. దర్రో నదికి ఎగువన, కోట కంటే ఎత్తయిన చోట ఒక ఆనకట్ట వేసి, అక్కడి నుంచి సుమారు ఆరు కిలోమీటర్ల కాలువను కొండ వాలు వెంట సన్నని వాటంతో తీసుకువచ్చారు. మన నగరానికి రైవాడ కాలువ ఎలాంటిదో ఆ కోటకు ఆ ‘రాచకాలువ’ అలాంటిది. ముందు హెనెరలీఫె తోటలను తడిపి, తరువాత కోటలోకి ప్రవేశించి, స్నానశాలలకు, కొలనులకు, ఫౌంటెన్లకు పంచుకునేది. మోటారు లేదు, కరెంటు లేదు, వాలు ఒక్కటే.

హెనెరలీఫె పైభాగంలో ఒక మెట్ల దారి ఉంది. మెట్లకు రెండు వైపులా చేయి ఆనించుకునే పిట్టగోడ పైభాగాన్ని గాడిలా తొలిచి అందులో నీళ్లు పారిస్తారు. ఎండలో ఎక్కుతూ ఆ గాడిలో వేళ్లు పెడితే నీరు చేతి కింద నుంచి జారిపోతుంది. మెట్టు మెట్టుకూ చప్పుడు చేసుకుంటూ దిగి, మధ్యలో ఉన్న గుండ్రని అరుగుల దగ్గర నెమ్మదించి, మళ్లీ వేగం అందుకుంటుంది. ఆ మెట్ల మీద నేను అరగంట కూర్చున్నాను, నా భార్య విసుక్కుని కిందికి వెళ్లిపోయింది. సింహాల ప్రాంగణంలో కూడా నీటి తొట్టిని మోస్తున్న పన్నెండు రాతి సింహాలను చూసి ఊరుకోకుండా నేల చూడండి. నాలుగు దిక్కుల గదుల నుంచి పాలరాతి నేలలో తొలిచిన నాలుగు సన్నని గాళ్లు మధ్య తొట్టి దగ్గరకు చేరుతాయి.

ఇక ఎండ గురించి మీరు ధైర్యంగా ఉన్నారు, కానీ అది మన ఎండ కాదు. విశాఖలో చెమట కారి, నీళ్లు తాగాలని ఒళ్లే గుర్తు చేస్తుంది. గ్రనడా సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తులో, పొడి గాలిలో ఉంటుంది. చెమట పట్టిన సంగతే తెలియదు, దాహం తెలిసేసరికి తలనొప్పి వస్తుంది. మే నెల బాగానే ఉంటుంది, జులై, ఆగస్టు అయితే వద్దనేవాడిని. సాయంత్రం చలికి అమ్మగారికి ఒక శాలువా ఉంచండి, ఎదురుగా కనిపించే సియెర్రా నెవాడా శిఖరాల మీద మేలో కూడా మంచు ఉంటుంది.

ఎంవీపీ కాలనీ గృహిణి (జనవరి 12)

లోపలి భవనాలు చూడలేదు కానీ బయట నేను తిరగని మూల లేదు, కనుక మోకాళ్ల నొప్పుల కోణంలో దారి చెబుతాను. నగరం మధ్యలోని ప్లాసా నుఎవా నుంచి గోమెరెస్ వాలు మీదుగా నడిచి ఎక్కితే చెట్ల నీడ బాగుంటుంది కానీ ఏటవాలు గట్టిది, అమ్మగారికి వద్దు. సి30 నంబరు బస్సు ఊరి మధ్య నుంచి కోట దాకా వెళుతుంది. టిక్కెట్టు ముందే చేతిలో ఉంటే పైనున్న టిక్కెట్ల ప్రధాన మండపం దాకా పోనక్కరలేదు. న్యాయద్వారం దగ్గర దిగి లోపలికి వెళితే నస్రిద్ భవనాలు దగ్గర. 1348లో కట్టిన ఆ ద్వారం బయటి కమాను మీద చెయ్యి, లోపలి కమాను మీద తాళంచెవి చెక్కి ఉంటాయి, పిల్లలను వెతకమనండి.

అల్కసాబాలోని వేలా బురుజు మెట్లు ఇరుకు, అమ్మగారిని కింద కూర్చోబెట్టి మీరు ఎక్కి రండి. హెనెరలీఫె కోటకు అవతలి కొండ వాలున ఉంది, అక్కడి నుంచి నస్రిద్ భవనాలకు మామూలు నడకకు ఇరవై నిమిషాలు, అమ్మగారి నడకకు ముప్పై అనుకోండి. వీపుకు తగిలించుకునే సంచిని లోపల ముందు వైపు వేసుకోమంటారు, పెద్ద సంచులు అసలే వద్దు.

తిండి గురించి ఒక్క మాట. ఉడికించిన శనగలు, పాలకూర కలిపి చేసే కూర అక్కడ శాకాహారులకు దొరుకుతుంది, వడ్డించే ముందు అందులో మాంసం ముక్కలు వేయవద్దని చెప్పాలి. రాత్రి భోజనం తొమ్మిదికి ముందు దొరకడం కష్టం, మేలో అప్పటికి ఇంకా వెలుతురు ఉంటుంది. పాలు, నెయ్యి, మాంసం ఉన్న పదార్థాలను మన దేశం నుంచి యూరోపియన్ యూనియన్‌లోకి తీసుకెళ్లనివ్వరు. మాడుగుల హల్వా ఇక్కడే తిని బయలుదేరండి.

సీతమ్మధార ప్రయాణికుడు (ఫిబ్రవరి 3)

అందరి మాటా విన్న తరువాత పథకం మొత్తం మార్చాను. సెవిల్ నుంచి ఒక్కపూట వెళ్లి రావడం మానేసి గ్రనడాలోనే రెండు రాత్రులు ఉంటున్నాం. మాడ్రిడ్‌లో దిగి అక్కడి నుంచి రైలులో సుమారు మూడున్నర గంటల్లో గ్రనడా చేరతాం. రెండవ రోజు ఉదయం 10 గంటలకు నస్రిద్ భవనాల ప్రవేశం దొరికింది. టిక్కెట్లు నిన్న రాత్రి కొన్నాను, ఐదుగురి పాస్‌పోర్టు సంఖ్యలూ మా అమ్మాయి బిగ్గరగా చదువుతుంటే నేను ఎక్కించి, మళ్లీ నేను చదువుతుంటే ఆమె సరిచూసింది. తొమ్మిదింటికి న్యాయద్వారం, పదింటికి నస్రిద్, తరువాత స్పెయిన్ రాజు ఐదవ చార్లెస్ భవనం దగ్గర విశ్రాంతి, భోజనం, మధ్యాహ్నం హెనెరలీఫె, ఓపిక ఉంటే అల్కసాబా. మాస్టారూ, ఐదవ చార్లెస్ భవనం చూడదగినదేనా, వదిలేయవచ్చా?

పెదవాల్తేరు మాస్టారు (ఫిబ్రవరి 3)

అది సుల్తానుల పని కాదు. 1527లో మొదలుపెట్టి, పైకప్పు కూడా లేకుండా శతాబ్దాలపాటు వదిలేసిన యూరోపియన్ భవనం. బయటికి చదరం, లోపల గుండ్రని ప్రాంగణం. కొందరు అక్కడికి అది అతకలేదంటారు, నేనూ ఆ పక్షమే. కానీ లోపలికి వెళ్లడానికి టిక్కెట్టు అక్కరలేదు, నీడ ఉంది, మీ అమ్మగారు కూర్చోవడానికి అంతకంటే మంచి చోటు ఉండదు.

ఒక సవరణ. అల్కసాబాను చివరికి నెట్టకండి, నస్రిద్ కంటే ముందు తొమ్మిది నుంచి పది లోపు మీరూ పిల్లలూ చూసేయండి, అది పక్కనే ఉంది. నస్రిద్ భవనాల నుంచి ఒకసారి బయటికి వస్తే తిరిగి లోపలికి వెళ్లనివ్వరు, ఉన్నంతసేపు మాత్రం ఎవరూ తరమరు. కొమారెస్ బురుజులోని రాయబారుల సభామందిరంలో తల ఎత్తి చూడండి, ఆ కప్పులో 8,017 చెక్క ముక్కలు ఉన్నాయి.

సీతమ్మధార ప్రయాణికుడు (జూన్ 8)

క్షేమంగా తిరిగి వచ్చాం. టిక్కెట్టు మీద పేరును, పాస్‌పోర్టును లోపల కూడా అడిగి చూశారు, అమ్మ పేరుకు ఏ ఆటంకమూ రాలేదు. అల్కసాబాను ముందు చూడమన్న మాస్టారి సలహా ప్రకారం పరుగెత్తబోయి పదింటి వరుసకు ఏడు నిమిషాల ముందు మాత్రమే చేరాం, అమ్మ అప్పటికే అక్కడ కూర్చుని మమ్మల్ని తిట్టడానికి సిద్ధంగా ఉంది.

లోపల రెండున్నర గంటలు ఉన్నాం. అమ్మాయి పలకల దగ్గర నోటు పుస్తకం తీసి కూర్చుంది, కొలిచిందెంతో గీసిందెంతో నాకు అర్థం కాలేదు. సింహాల ప్రాంగణంలో అమ్మ చూసినదాన్ని మాత్రం రాయాలి. దూరం నుంచి అన్నీ ఒక్కటే అనిపించే ఆ పన్నెండు సింహాల ముఖాలు నిజానికి ఒక్కొక్కటీ వేరు. ఒకదాని జూలు గీతలు దగ్గర దగ్గరగా ఉంటాయి, మరొకదాని చెవులు కాస్త వెనక్కి ఉంటాయి. సింహాచలం దేవుణ్ణి ఏడాదంతా చందనం పూతలోనే చూసిన కళ్లకు ముఖం కనిపిస్తే చాలు, పోల్చుకుంటాయి అంది అమ్మ. తరువాత ఆమె, అబ్బాయి కలిసి ప్రాంగణం అంచు వెంట చుట్టూ తిరిగి ఒక్కొక్క సింహానికి ఫోటో తీశారు. హోటలుకు వచ్చి లెక్కపెడితే పదకొండే ఉన్నాయి.

ఎంవీపీ కాలనీ గృహిణి (జూన్ 9)

మీరు చూసి వచ్చారన్న సంతోషంలో నేను కూడా ఒక సాహసం చేశాను. అక్టోబరు 20కి మా ఇద్దరికీ సాధారణ టిక్కెట్టు, ఈసారి నా చేతులతో నేనే కొన్నాను. నస్రిద్ ప్రవేశం మధ్యాహ్నం మూడింటికి దొరికింది. మిగతా భాగాలు ముందు చూడాలా, తరువాతా?

సీతమ్మధార ప్రయాణికుడు (జూన్ 9)

ముందే చూసేయండమ్మా. అక్టోబరు 15 నుంచి కోటను రాత్రి ఎనిమిదికి బదులు సాయంత్రం ఆరింటికే మూసేస్తారు, మూడింటికి లోపలికి వెళ్లినవాళ్లకు తరువాత హెనెరలీఫె అందడం కష్టం. మా అబ్బాయి ఒక మాట అడగమన్నాడు. వాడి దగ్గర లేని సింహం ఏదో ఇప్పుడు చెప్పలేం కనుక, శ్రమ అనుకోకుండా పన్నెండింటికీ ఫోటోలు తీసుకురండి.